గాలి మిషన్‌కు కరెంటు ఎక్కడిది?

పోయిన నెల మా మేనల్లుడు ఒక సందేశం పంపాడు: "మామయ్యా, బండికి గాలి కొట్టుకునే మిషన్ ఒకటి కొందామనుకుంటున్నా. ఏది మంచిదో లింకు పంపించు." రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవలసిన ప్రశ్నే. కానీ ఆ రెండు ముక్కలు నాకు దొరకలేదు. "ఏ కంపెనీది?" అన్న ప్రశ్నకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని, దాన్ని అడగకుండా కొన్నందువల్లనే నేనూ నా స్నేహితుడూ నల్లమల అడవి మధ్యలో రెండు గాలి మిషన్లను చేతిలో పెట్టుకుని గాలి లేని టైరు వైపు చూస్తూ నిలబడ్డామని వాడికి ఎలా చెప్పాలో తెలియక, చివరికి ఇలా రాస్తున్నాను.

ఆ ప్రశ్న ఏమిటంటే, మిషన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు బజారులో దొరికే మిషన్లలో ఎక్కువ భాగం లోపలే లిథియం సెల్లులు పెట్టుకుని వస్తున్నాయి. షావోమీ 2020లో అలాంటిది మన దేశంలో అమ్మకానికి పెట్టిన తరువాత ఆ రకం అందరికీ తెలిసింది. ఇప్పుడైతే పేరు విన్న కంపెనీ, వినని కంపెనీ అన్న తేడా లేకుండా అందరూ అరచేతిలో ఇమిడే ఆ నల్ల డబ్బానే అమ్ముతున్నారు. రెండో రకం పాతది. సెల్లులేవీ ఉండవు, 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తేనే తిరుగుతుంది. దూరప్రయాణాలు చేసే మోటారుసైకిలుకు ఈ పాత రకమే సరైనదని, దానికి బండి బ్యాటరీ నుంచి నేరుగా తీగ వేయించుకోవాలని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇప్పటికీ దానిలో ఒకటి రెండు చోట్ల నాకు అనుమానాలున్నాయి, వాటినీ దాచను.

వటువర్లపల్లి దాటాక

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు సంగతి తెలిసిందే. రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్లీ ఉదయం ఆరు దాకా తెరవరు. మేము రెండు బండ్ల మీద ఉదయాన్నే ఆ గేటు దాటి, అమ్రాబాద్ అడవిలో వటువర్లపల్లి దాటిన కొంతసేపటికి, మలుపులో నా బండి వెనుక చక్రం పక్కకు ఈదుతున్నట్టు అనిపించింది. దిగి చూస్తే బొటనవేలంత మేకు. ఫోన్లకు సిగ్నలు లేదు. రోడ్డు పక్కన కోతులు మాత్రం మా రాకకోసమే ఎదురుచూస్తున్నట్టు వరుసగా కూర్చుని ఉన్నాయి.

టైరు ట్యూబ్‌లెస్, పంక్చర్ కిట్ నా దగ్గర ఉంది, రబ్బరు పట్టీని దోపడం ఇద్దరికీ వచ్చు. కాబట్టి ఆ నిమిషంలో మాకు భయమేమీ లేదు, పైగా కొంత ఉత్సాహంగానే ఉంది. కొన్న సరుకుకు పని దొరికిందన్న ఉత్సాహం అది. మేకు తీసి పట్టీ దోపేసరికి టైరులో గాలి పూర్తిగా పోయింది. నా స్నేహితుడు తన సెల్లు మిషన్ తీసి, 28 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే అంకె) అని పెట్టి, బటన్ నొక్కాడు. తెర మీద అంకెలు 3, 5, 7 అని పెరిగి, 9 దగ్గర ఆగాయి. మిషన్ ఒక కూత కూసి ఆరిపోయింది. చివరిసారి ఎప్పుడు ఛార్జింగ్ పెట్టావని అడిగితే, కొన్నప్పుడు పెట్టానన్నాడు. కొని ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలూ, అందులో మొత్తం వేసవి కూడా, అది అతని బండి సీటు కింద డబ్బాలోనే ఉంది.

ఇక నా వంతు. నాది 12 వోల్టుల మిషన్, కార్లలో సిగరెట్ లైటర్ రంధ్రంలో గుచ్చే పిన్నుతో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫోన్ ఛార్జింగ్ కోసం హ్యాండిల్ దగ్గర అలాంటి సాకెట్ ఒకటి పెట్టించుకుని ఉన్నాను. పిన్ను సరిపోయింది కాబట్టి కరెంటు కూడా సరిపోతుందనుకున్నాను. మిషన్ ఏడెనిమిది సెకన్లు గట్టిగా మోగి ఆగింది. సాకెట్‌కు 5 ఆంపియర్ల ఫ్యూజు, మిషన్ అడిగేది 10. ఫ్యూజు తన పని తాను చేసింది. అయితే సాకెట్ పెట్టిన కుర్రవాడు ఆ తీగను హారన్, ఇండికేటర్ల లైనులోనే కలిపాడన్న సంగతి అప్పుడు తెలిసింది, ఎందుకంటే అవి కూడా పోయాయి. అంటే మిషన్ తీయకముందు నా బండికి గాలి ఒక్కటే లేదు, తీశాక హారన్ కూడా లేదు.

మమ్మల్ని ఆ రోజు గట్టెక్కించింది ఒక బొలెరో డ్రైవరు. బండి ఆపి, విషయం విని, మా రెండు మిషన్ల వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా సీటు వెనుక నుంచి కాలితో తొక్కే పంపు తీశాడు. ముగ్గురం మార్చి మార్చి తొక్కాం. నూట ముప్పై తొక్కుల దాకా లెక్కపెట్టాను, తరువాత లెక్క తప్పింది. టైరు నిండింది. ఆయన పంపు మడిచి లోపల వేసుకుంటూ, "దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు సార్" అని మాత్రం అన్నాడు. ఆ మాట సంగతి తరువాత చూద్దాం.

21 లీటర్ల లెక్క

తిరిగి వచ్చాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. వెనుక టైరు 100/90-17 కొలత. దాని లోపల చోటు లెక్క వేస్తే దాదాపు 11 లీటర్లు వస్తుంది. వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ అనుకుంటే, 28 పీఎస్ఐ రావాలంటే అందులోకి బయటి గాలి ఇంచుమించు 21 లీటర్లు అదనంగా తోయాలి. చిన్న మిషన్ ఆ పని చేయడానికి మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. అరవై వాట్ల మోటారు నాలుగు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యే శక్తి 4 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). నా స్నేహితుడి మిషన్ మీద 7.4 వోల్టులు, 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 2 ఆంపియర్ అవర్లు) అని రాసి ఉంది. రెండూ గుణిస్తే 14.8 వాట్ అవర్లు. అంటే నిండుగా ఛార్జింగ్ ఉంటే ఖాళీ టైర్లు మూడింటిని నింపగల శక్తి దానిలో ఉంది. అది చిన్నది కావడం వల్ల ఓడిపోలేదు.

నా బండి బ్యాటరీ 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). అది 96 వాట్ అవర్లు. పది ఆంపియర్ల మిషన్ మూడు నిమిషాలు తిరిగితే అర ఏహెచ్ పోతుంది, ఉన్నదానిలో పదహారో వంతు. ఇంజిన్ ఆన్‌లో ఉంచితే అంత కూడా పోదు. కాబట్టి ఇక్కడా శక్తికి కొదవ లేదు. శక్తి రావలసిన దారి ఇరుకైంది, అంతే. హ్యాండిల్ మీద ఉండే యూఎస్‌బీ ఛార్జర్లయితే ఇంకా ఇరుకు: 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే పది వాట్లు. దానితో ఫోన్ నిండుతుంది, టైరు నిండదు. సెల్లు మిషన్‌కు యూఎస్‌బీ రంధ్రం ఉంది కదా, దారిలో బండికే తగిలించి వాడుకోవచ్చు కదా అని కొందరు అంటారు. చాలా మిషన్లు ఛార్జింగ్‌లో ఉండగా తిరగవు. తిరగకపోతే అడవిలో గంటన్నరసేపు ఇంజిన్ ఆన్ చేసుకుని, అది నిండేదాకా కోతులతో కాలక్షేపం చేయాలి.

ఈ లెక్క వేశాకనే నాకు ఒక తేడా స్పష్టమైంది. మా ఇద్దరి మిషన్లూ ఒకే రోజు, ఒకే చోట విఫలమయ్యాయి. కానీ నా వైఫల్యానికి కారణం తీగలో ఉంది, దాన్ని ఒకసారి సరిచేస్తే ఆ సమస్య తీరిపోతుంది. అతనిది మరపులో ఉంది. దాన్ని ప్రతి నెలా కొత్తగా సరిచేసుకుంటూ ఉండాలి.

సెల్లు మిషన్‌ను నేను ఎందుకు నమ్మను

రోజూ వాడే వస్తువుకు ఛార్జింగ్ పెట్టడం మనం మరచిపోం. ఫోన్ అందుకు ఉదాహరణ. ఏడాదికి ఒకసారి వాడే వస్తువుకు పెట్టడం మరచిపోని వాడిని నేను ఇంకా చూడలేదు. లిథియం సెల్లు వాడకపోయినా నెలకు కొంత చొప్పున తగ్గుతుంది, దానికి తోడు లోపలి సర్క్యూటు నిద్రలో కూడా కొంచెం తాగుతూనే ఉంటుంది. వేడి దానికి పెద్ద శత్రువు. నిండుగా ఛార్జింగ్ ఉన్న సెల్లును మే నెల ఎండలో, ఇంజిన్ పక్కనో సీటు కిందో పెట్టి ఉంచితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. బయట 44 డిగ్రీలు ఉన్న రోజున ఎండలో నిలిపిన బండి సీటు మీద చెయ్యి వేసి చూస్తే, ఆ కింద ఏముంటుందో థర్మామీటరు లేకుండానే ఊహించవచ్చు. బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అంటే, నిజమే. కానీ ఇంటికి తెచ్చుకున్న మిషన్ ఇంట్లోనే ఉండిపోతుంది. పంక్చర్ మాత్రం బయట అవుతుంది.

బండి బ్యాటరీ విషయం వేరు. నేను ఇంటి నుంచి ఇక్కడి దాకా బండి మీద వచ్చానంటే ఆ బ్యాటరీ పని చేస్తున్నట్టే లెక్క, ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడే దానికి పరీక్ష అయిపోయింది. వేరే గుర్తు పెట్టుకోవలసినది ఏమీ లేదు. నా వాదనకు ప్రాణం ఈ ఒక్క విషయమే. వేగం, తెర మీది అంకెలు, లైటు వంటివి దీని తరువాతే.

ఎలక్ట్రిక్ స్కూటర్ల వారికి మాత్రం ఈ వాదన వర్తించదు. వాటిలోని చిన్న 12 వోల్టుల వ్యవస్థ దీపాలు, హారన్ వంటివాటి కోసం లెక్కవేసి పెట్టినది. దాని మీద చెయ్యి వేయకుండా సెల్లు మిషన్ కొనుక్కోవడమే మంచిది.

తీగ వేయించడం

ఫ్యూజు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ దుకాణంలోని కుర్రవాడు 5 ఆంపియర్ల ఫ్యూజు తీసి 15ది పెడదామన్నాడు. ఇది చాలామంది చేసే పని, అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. ఫ్యూజు కాపాడేది మిషన్‌ను కాదు, తీగను. సన్నని తీగ ఉన్నచోట పెద్ద ఫ్యూజు పెడితే ఆ తరువాత కాలేది తీగ. అది ఉండేది పెట్రోలు ట్యాంకు కింద. వద్దన్నాను. ఆ కుర్రవాడు కొంచెం నొచ్చుకున్నాడు, నేను తన మీద నమ్మకం లేక అడ్డుపడ్డానని అనుకున్నట్టుంది.

తరువాత బ్యాటరీ పనులు మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన బండి అసలు వైరింగును ఎక్కడా కత్తిరించకుండా బ్యాటరీ రెండు కొనలకు రింగు టెర్మినళ్లతో కొత్త తీగలు రెండు వేశాడు. ప్లస్ తీగకు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కకు రక్షణ ఏదీ ఉండదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. తీగ మందం దగ్గర నేను పట్టుబట్టాను. పది ఆంపియర్లు ప్రవహించే తీగ పోయి రావడానికి మొత్తం 4 మీటర్లు ఉందనుకుంటే, 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 తీగలో 0.3 వోల్టు కూడా పోదు. మోటారుకు అందే వోల్టేజీ తగ్గితే గాలి నింపే వేగమూ తగ్గుతుంది. సన్న తీగ వేడెక్కడం మరో నష్టం. 2.5 తీగ వేయించడానికి అయిన అదనపు ఖర్చు ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల పాటి.

తీగ చివర ఎస్ఏఈ అనే రెండు పిన్నుల కనెక్టర్ పెట్టించుకుని, దాన్ని పక్క కవర్ సందులో నుంచి బయటికి తెప్పించాను. ఈ కనెక్టర్‌లో ఒక పిన్ను రబ్బరులో కప్పబడి ఉంటుంది, ఇంకొకటి బయటికి ఉంటుంది. బ్యాటరీ వైపు తీగలో కప్పబడినది ప్లస్ కావాలి. తారుమారైతే బయటికి ఉన్న ప్లస్ పిన్ను బండి చట్రానికి తగిలి, మిషన్ తీయకుండానే ఫ్యూజు పోతుంది. పెద్దాయన మొదట తారుమారుగానే పెట్టాడు, చూపిస్తే నవ్వి మార్చాడు. మిషన్ వైపు సిగరెట్ లైటర్ పిన్ను కోసేసి అదే రకం కనెక్టర్ వేయించాను. బ్యాటరీ కొనలకు ఎర్ర, నల్ల క్లిప్పులు పట్టించే తీగ కూడా చాలా మిషన్లతో వస్తుంది, అదీ పనికొస్తుంది. కానీ నా బండిలో బ్యాటరీ చేరుకోవాలంటే సీటు తీయాలి, సీటు తీయాలంటే దాని మీద తాళ్లతో కట్టిన సామాను మొత్తం విప్పాలి. వానలో ఒకసారి ఆ పని చేసినవాడు రెండోసారి కనెక్టరే పెట్టించుకుంటాడు.

దీనికి గట్టి ఎదురువాదన ఒకటి ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బండ్లలో అత్యధికం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. పెట్రోలు పంపుకూ, కంప్యూటరుకూ కరెంటు కావాలి. చాలా బండ్లకు కిక్కు కూడా తీసేశారు. గాలి కొడుతూ బ్యాటరీని దించేస్తే, నిండిన టైర్లతో కదలని బండి మిగులుతుంది. నా 8 ఏహెచ్ బ్యాటరీకి ఈ ప్రమాదం తక్కువ. కానీ 100 సీసీ బండ్లలో కొన్నింటికి ఉండేది 3 లేదా 4 ఏహెచ్ మాత్రమే. అర ఏహెచ్ అంటే 3లో ఆరో వంతు. బ్యాటరీ రెండు మూడేళ్ల పాతదైతే ఆ ఆరో వంతే ముంచవచ్చు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి గాలి కొట్టడమే దీనికి విరుగుడు, ఆరుబయట అయితేనే సుమా, అపార్టుమెంటు సెల్లారులో కాదు. చిన్న బండి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని ఆల్టర్నేటరు పది ఆంపియర్లూ ఇవ్వలేదు, అయినా బ్యాటరీ మీద భారం కొంత తగ్గుతుంది. నిజం చెప్పాలంటే 3 ఏహెచ్ బ్యాటరీ ఉన్న బండికి నేను ఈ సలహా ఇవ్వను. అలాంటి బండి మీద దూరం వెళ్లేవారు 5 ఆంపియర్లలోపు లాగే చిన్న మిషన్ చూసుకోవాలి, లేదా ఆ బొలెరో డ్రైవరు మాట వినాలి.

వారంటీ సంగతీ అడుగుతారు. అదనపు తీగలు వేస్తే విద్యుత్ భాగాలకు వారంటీ వర్తించదని సర్వీసు సెంటర్లు అనడం నేను విన్నాను. అసలు వైరింగును ముట్టకుండా, రెండు బోల్టులు విప్పితే ఊడివచ్చేలా వేయించుకోవడానికి అదీ ఒక కారణం. సర్వీసుకు ఇచ్చే ముందు రోజు నేను దాన్ని ఊడదీస్తాను. అది పద్ధతి అవునో కాదో మీరే చెప్పాలి.

తొక్కుడు పంపు మాటేమిటి?

ఇక్కడి దాకా చదివినవారు, అంత గొడవ ఎందుకు, తొక్కుడు పంపు కొనుక్కుంటే పోలేదా అని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ రోజు గెలిచింది అదే. దానికి తీగ లేదు, సెల్లు లేదు, ఫ్యూజు లేదు. నా మిషన్ కొన్న ధరలో మూడో వంతు పెడితే వస్తుంది. లడఖ్ వెళ్లే మనవాళ్లకు ఒక సంగతి చెప్పాలి: ఖర్దుంగ్ లా వంటి ఎత్తుల్లో గాలి ఒత్తిడి ఇక్కడి దానిలో ఇంచుమించు సగమే ఉంటుంది కాబట్టి ఏ పంపైనా ఒక్కో తోపుకు ఇంచుమించు సగం పనే చేస్తుంది. మిషన్‌కు పట్టే సమయం దాదాపు రెట్టింపు, కాలికి పట్టే తొక్కులూ దాదాపు రెట్టింపే. అక్కడ రెండు వందల అరవై తొక్కులు తొక్కడానికి ఊపిరి ఎవరికుందో నాకు తెలియదు.

నా అభ్యంతరాలు రెండే. ఒకటి, దాని పరిమాణం, మడిచినా కూడా అది సీటు కింద పట్టదు. రెండోది నా మోకాలు. ముగ్గురం మార్చుకున్నాం కాబట్టి నూట ముప్పై తొక్కులు అయ్యాయి. ఒక్కడినే ఉండి ఉంటే నలభై దగ్గర ఆగి, టైరు 10 పీఎస్ఐతోనే బండి నడిపి, రిమ్ము చెడగొట్టుకునేవాడిని. ముప్పై ఏళ్లలోపు వారు ఈ రెండో అభ్యంతరాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇంట్లోని పాత సైకిల్ పంపుతో పని జరుగుతుందని మాత్రం బయలుదేరకండి. మన పాత సైకిళ్ల వాల్వ్ వేరు, మోటారుసైకిలుకు ఉండే ష్రేడర్ వాల్వ్ వేరు, మధ్యలో అడాప్టరు లేకపోతే గాలి లోపలికి పోవడానికి బదులు బయటికి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ డబ్బాల మీద కూడా నాకు మోజు ఉండేది, అరచేతిలో నాలుగు పడతాయి కదా అని. 16 గ్రాముల డబ్బా నుంచి వచ్చేది 9 లీటర్ల వాయువు. మన లెక్క 21 లీటర్లు. ఒక్క టైరుకు మూడు డబ్బాలు కావాలి, పట్టీ సరిగా పడక కారిపోతే మరో మూడు. పైగా ఆ వాయువు మామూలు గాలికంటే త్వరగా రబ్బరులో నుంచి జారుకుంటుంది. ఆ మోజు అక్కడితో తీరింది.

ట్యూబు టైర్లు, ఊచల చక్రాలు ఉన్న బండ్లవారికి ఈ చర్చ అంతా సగమే పనికొస్తుంది. ట్యూబులో మేకు దిగితే టైరు విప్పాలి, అతుకు వేయాలి. సన్నగా కారుతున్న గాలిని తోసుకుంటూ పంక్చర్ దుకాణం దాకా చేరుకోవడానికి మాత్రమే మిషన్ ఉపయోగపడుతుంది. ట్యూబ్‌లెస్‌లోనూ ఒక హద్దు ఉంది: గాలి లేని బండిని నడిపి, టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వస్తే, ఈ చిన్న మిషన్ల గాలి దాన్ని మళ్లీ ఎక్కించలేదు. మేకు దిగిందని తెలిసిన చోటే ఆగాలి.

కొనే ముందు చూడవలసినవి

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్ఐ అని ఉంటుంది. నా బండికి ముందు 25, వెనుక 28, వెనుక మనిషి ఉంటే 32. మిగతా 118తో నాకేం పని? 30 పీఎస్ఐ ఎదురుగా ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుందన్నది తెలియాలి, కానీ పెట్టె మీద ఉండే లీటర్ల అంకె ఎదురు ఒత్తిడి లేనప్పటిది అయి ఉంటుంది. అందుకే నేను లీటర్లు చూడను. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, ఎన్ని నిమిషాలకు ఒకసారి చల్లారనివ్వమన్నారో చూస్తాను. సెల్లు మిషన్ కొనేవారు ఎంఏహెచ్ చూసి మోసపోకూడదు. ఒకరు రెండు సెల్లులను వరుసలో చూపి 2000 అని రాస్తారు, ఇంకొకరు అవే రెండు సెల్లులను కూడి 4000 అని రాస్తారు. రెండింటిలోనూ ఉన్నది 14.8 వాట్ అవర్లే. వాట్ అవర్ల అంకె అడగండి.

గొట్టం గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో అది సగం మిషన్. పది అంగుళాల స్కూటరు చక్రంలో, లేదా పెద్ద డిస్కు వెనుక దాక్కున్న వాల్వ్‌కు, పొట్టి బిరుసు గొట్టం చేరదు. కొన వంకరగా ఉండాలి, లేదా వంకర అడాప్టరు ఒకటి వేరుగా కొనుక్కోవాలి. మరతో బిగించే కొన అయితే విప్పేటప్పుడు కొంత గాలి పోతుంది కాబట్టి ఒక అంకె ఎక్కువ పెట్టి నింపుతాను. నాలుగు నిమిషాలు తిరిగాక ఆ ఇత్తడి కొన ఎంత వేడిగా ఉంటుందంటే, మొదటిసారి పట్టుకున్నప్పుడు నేను వదిలేసి వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. చేతిగుడ్డ దగ్గర ఉంచుకోండి.

మరి బంకులో గాలి ఉచితం, అలా ఇవ్వాలన్నది నిబంధన కూడా. సొంత మిషన్ ఎందుకన్నది మా ఇంట్లో వినిపించే ప్రశ్న. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. కాసేపు నడిచిన టైరులో గాలి వేడెక్కి అంకె పైకి పోతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ. బంకు దాకా బండి నడిపి, క్యూలో నిలబడి, అక్కడి గేజీ చెప్పిన 28ని నమ్మి వస్తే, మరునాడు ఉదయం అది 26 కావచ్చు. ఇంటి ముందు, బండి కదలకముందు, ఒకే గేజీతో ప్రతిసారీ చూసుకోగలగడం నాకు పంక్చరుకంటే ఎక్కువసార్లు పనికొచ్చింది. ఈ పనికి ఏ రకం మిషన్ అయినా ఒకటే, ఇంకా చెప్పాలంటే సెల్లు మిషనే సుఖం. నా వాదనకు ఇది కొంచెం ఎదురు తిరుగుతుందని నాకు తెలుసు.

మేనల్లుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. వాడిది స్కూటరు, వాడి ప్రయాణం కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా. ఓపికగా విని, "మామయ్యా, నేను అడవికి వెళ్లను కదా" అన్నాడు. వాడు సెల్లు మిషనే కొన్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఛార్జింగ్ పెట్టమని ఫోన్‌లో అలారం పెట్టించాను. పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు వాడు సెల్లారులో పక్కింటివారి స్కూటర్లకు వరుసగా గాలి కొడుతున్నాడు. నా బండికీ కొట్టమన్నాను. ముందు చక్రంలో 22 ఉంది. కనెక్టరు, ఫ్యూజు, 2.5 తీగ అన్నీ నా బండిలోనే ఉన్నాయి, కానీ మిషన్ ఇంట్లో మరచిపోయి వచ్చాను.